మల్టిప్లై మీద స్క్రీన్, స్క్రీన్ మీద సాఫ్ట్ లైట్: ఒకే ఫొటోలో బ్లెండింగ్ మోడ్‌లు కలిపి వాడటం ఎలా

ఫొటోషాప్‌లో లేయర్లంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన పొరలు, పై పొర కింది పొరతో ఏ లెక్కన కలవాలో చెప్పేది బ్లెండింగ్ మోడ్. ఆ మెనూ తెరిస్తే 27 పేర్లు కనిపిస్తాయి. చాలామంది చేసేదేంటంటే ఒక్కోటీ నొక్కుకుంటూ పోయి, ఎక్కడ కంటికి బాగుంటే అక్కడ ఆగిపోతారు. నేనూ కొన్నేళ్లు అదే చేశాను. నాలుగు లేయర్లు పడేసరికి ఫొటో ఎందుకు పాడైందో, ఏ లేయర్ పాడుచేసిందో అర్థమయ్యేది కాదు. తర్వాత తెలిసిందేంటంటే ఏ మోడ్ అయినా ఒక మంచి పని చేస్తూ పక్కనే ఒక చెడ్డ పని కూడా చేస్తుంది, ఆ చెడ్డ పనిని సరిదిద్దడానికి రెండో మోడ్ కావాలి. కలిపి వాడటం అంటే ఇంతే. ఇక్కడ ఒకే ఒక్క ఫొటో తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చెప్తాను.

ఫొటో ఏంటంటే, కార్తీక పౌర్ణమి సాయంత్రం రాజమండ్రిలో గోదావరి గట్టు మీద మా పిన్ని అరటి దొప్పలో దీపం పట్టుకుని నిలబడి ఉంది. ఊరు నదికి తూర్పు ఒడ్డున ఉంది కాబట్టి సాయంత్రంపూట అక్కడ నదిని వెనక పెట్టి ఎవరిని తీసినా సూర్యుడు వాళ్ల వెనకే ఉంటాడు. ఆకాశం వెలిసిపోయింది, ముఖం నల్లబడింది, గట్టు మీద లైట్ల వల్ల చెంప మీద ఆకుపచ్చ ఛాయ పడింది, దీపం ఉన్నా దాని వెలుగు చేతుల మీద కనబడటం లేదు. ఇన్ని రోగాలున్న ఫొటో అయితేనే నేర్చుకోవడానికి బాగుంటుంది.

ముందు కాస్త లెక్క, భయపడకండి

ప్రతి పిక్సెల్‌కీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలు, ఒక్కోటి 0 నుంచి 255 దాకా. మల్టిప్లై అంటే కింది అంకెని పై అంకెతో గుణించి 255తో భాగించడం. ఫొటోని దాని మీదే మల్టిప్లై చేస్తే 200 ఉన్న చోట 157 వస్తుంది, 100 ఉన్న చోట 39, 50 ఉన్న చోట 10. అంటే వెలుతురున్న చోట కొంచెం తగ్గుతుంది, నీడలు మాత్రం బొగ్గైపోతాయి. స్క్రీన్ దీన్ని తిరగేసిన లెక్క: 50 కాస్తా 90 అవుతుంది, 100 అయితే 161, 200 అయితే 243.

దీన్నుంచి ఒక ముఖ్యమైన సంగతి తెలుస్తుంది. 255ని 255తో గుణించి 255తో భాగిస్తే మళ్లీ 255 వస్తుంది. పూర్తిగా తెల్లబడిపోయిన ఆకాశాన్ని దాని మీదే ఎన్నిసార్లు మల్టిప్లై చేసినా అందులోంచి మేఘం రాదు. అలాగే 0 ఉన్న నీడని దాని మీదే స్క్రీన్ చేసినా అది 0గానే ఉంటుంది. లేనిదాన్ని ఏ మోడూ పుట్టించలేదు. అందుకే రా ఫైల్ (కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచిన అసలు ఫొటో సమాచారం) ఉంటే ముందు రా కన్వర్టర్‌లోనే హైలైట్లు తగ్గించి, నీడలు కొంచెం ఎత్తి, చప్పగా ఉన్నా సరే సమాచారం అంతా ఉన్న ఫొటోని 16 బిట్‌లో, అంటే ఒక్కో రంగుకీ చాలా ఎక్కువ మెట్లుండేలా, తెరవండి. 8 బిట్ జేపెగ్ మీద ఇన్ని లేయర్లు వేస్తే ఆకాశంలో గీతలు గీతలుగా చారలు పడతాయి.

ఇంకొకటి గుర్తుంచుకోవాలి. మల్టిప్లైలో తెలుపు ఏమీ చేయదు, స్క్రీన్‌లో నలుపు ఏమీ చేయదు, ఓవర్‌లే, సాఫ్ట్ లైట్‌లలో (వెలుగుని ఇంకా వెలిగించి, నీడని ఇంకా ముదురు చేసే మోడ్‌లు) నడిమి బూడిద, అంటే దాదాపు 128, ఏమీ చేయదు. ఈ మూడూ నోటికి వచ్చేస్తే సగం పని అయిపోయినట్టే.

లేయర్లు ఏ వరుసలో పెట్టామన్నది కూడా లెక్కే. కింద 100 ఉందనుకోండి. దాని మీద 128 బూడిదని మల్టిప్లైలో వేస్తే 50 అవుతుంది, ఆపైన అదే బూడిదని స్క్రీన్‌లో వేస్తే 153. ఇప్పుడు తిరగేయండి: ముందు స్క్రీన్ వేస్తే 178, దాని మీద మల్టిప్లై వేస్తే 89. అవే రెండు లేయర్లు, ఒకదాంట్లో ఫొటో వెలిగింది, ఒకదాంట్లో నల్లబడింది. ఎవరో వీడియోలో చెప్పినట్టే చేశాను, నాకు రాలేదు అని వాపోయేవాళ్లలో చాలామంది దగ్గర జరిగేది ఇదే.

మొదటి పని: ఆకాశం

బ్యాక్‌గ్రౌండ్ లేయర్‌ని డూప్లికేట్ చేసి మల్టిప్లై పెట్టొచ్చు, కానీ 24 మెగాపిక్సెల్ ఫొటో 16 బిట్‌లో ఒక్కో కాపీకి దాదాపు 144 ఎంబీ మెమరీ తింటుంది. దాని బదులు కర్వ్స్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ (సొంత బొమ్మ లేకుండా, కిందున్న ఫొటో వెలుతురుని ఒక గీతతో మార్చే లేయర్) ఒకటి వేసి, గీతని అస్సలు కదపకుండా, మోడ్‌ని మల్టిప్లైకి మార్చండి. ఫలితం అచ్చం డూప్లికేట్ చేసినట్టే ఉంటుంది, ఫైల్ మాత్రం బరువెక్కదు. ఈ చిన్న కిటుకు తెలిశాక నా పాత కంప్యూటర్ ఇంకో రెండేళ్లు పనిచేసింది.

తర్వాత ఆ కర్వ్స్ మాస్క్ మీద (తెలుపున్న చోట లేయర్ పడేలా, నలుపున్న చోట పడకుండా చేసే ముసుగు) పైనుంచి కిందికి గ్రేడియంట్ లాగండి, ఆకాశం దగ్గర తెలుపు, నీటి దగ్గరికి వచ్చేసరికి నలుపు. పిన్ని తల కూడా ఆకాశంలోకే ఉంటుంది కాబట్టి తల నల్లబడుతుంది. దానికి మాస్క్‌లో వెంట్రుక వెంట్రుకా గీయక్కర్లేదు. లేయర్ పేరు పక్కన ఖాళీ చోట డబుల్ క్లిక్ చేస్తే స్టైల్ బాక్స్ వస్తుంది, కింద బ్లెండ్ ఇఫ్ అని ఉంటుంది. అందులో అండర్‌లైయింగ్ లేయర్ అన్న పట్టీలో ఎడమవైపు నల్ల త్రికోణాన్ని కుడికి జరపండి, ఆల్ట్ నొక్కి పట్టుకుని దాన్ని రెండు ముక్కలుగా చీల్చండి, ఒక సగం 90 దగ్గర, ఇంకో సగం 150 దగ్గర. అంటే కింద 90 కంటే ముదురుగా ఉన్నచోట మల్టిప్లై పడదు, 150 దాటాక పూర్తిగా పడుతుంది, మధ్యలో మెల్లగా కలుస్తుంది. నల్లటి జుట్టు తనంతట తనే తప్పించుకుంటుంది.

ఇప్పుడు మల్టిప్లై చేసే చెడ్డ పని చూద్దాం. మూడు రంగుల అంకెల్నీ విడివిడిగా గుణిస్తుంది కాబట్టి వాటి మధ్య తేడా పెరిగి, రంగు చిక్కబడుతుంది. లేత నారింజ ఆకాశం కాషాయ జెండా అయిపోతుంది. వెలుతురు తగ్గాలి, రంగు మాత్రం కదలకూడదు అంటే మల్టిప్లై, లూమినాసిటీ (వెలుతురుని మాత్రమే తీసుకునే మోడ్) రెండూ ఒకేసారి కావాలి, కానీ లేయర్‌కి ఒక్క మోడే ఉంటుంది. ఇక్కడే గ్రూపు పనికొస్తుంది. బ్యాక్‌గ్రౌండ్‌ని ఒకసారి కాపీ చేయండి, ఇక్కడ మాత్రం నిజం కాపీయే కావాలి, దాని మీద ఆ మల్టిప్లై కర్వ్స్ ఉంచి, రెండింటినీ ఎంచుకుని గ్రూపు చేసి, గ్రూపు మోడ్‌ని లూమినాసిటీకి మార్చండి. గ్రూపు లోపల మల్టిప్లై జరుగుతుంది, బయటికి దాని వెలుతురు మాత్రమే వస్తుంది, రంగు పాత ఫొటోదే ఉంటుంది. పూర్తిగా లూమినాసిటీ పెడితే సాయంత్రపు ఆకాశం కొంచెం నిర్జీవంగా అనిపిస్తుంది. నేనైతే ఈ గ్రూపు ఒపాసిటీ, అంటే అది ఎంత గట్టిగా పడాలన్నది, 60 శాతం దాకా తగ్గించి, గ్రూపు బయట ఇంకో తేలికపాటి మల్టిప్లై కర్వ్స్‌ని 20 శాతంలో వేస్తాను. కొంత రంగు అక్కడి నుంచి వస్తుంది.

రెండో పని: ముఖం

ఇంకో ఖాళీ కర్వ్స్, ఈసారి స్క్రీన్ మోడ్. మాస్క్‌ని కంట్రోల్, ఐ నొక్కి నల్లగా తిరగేయండి. మెత్తటి బ్రష్, తెల్ల రంగు, ఫ్లో (బ్రష్ నుంచి రంగు ఎంత పడాలన్నది) 10 శాతం దగ్గర పెట్టి ముఖం, మెడ, చేతుల మీద నిదానంగా పూస్తూ పోండి. ఒకేసారి వంద శాతంతో పూస్తే ముఖం చుట్టూ సున్నం వేసినట్టు అంచు కనబడుతుంది.

స్క్రీన్ చేసే చెడ్డ పని: నీడల్ని ఎత్తేసరికి ముఖం మీద పొగమంచు కమ్మినట్టు కాంట్రాస్ట్ పోతుంది, ముక్కు పక్క నీడ, దవడ గీత అన్నీ చప్పబడతాయి. అందుకని దాని మీద మూడో కర్వ్స్, సాఫ్ట్ లైట్ మోడ్‌లో, ఒపాసిటీ 25 దగ్గర. ఇది కూడా ముఖం మీదే పడాలి కదా. ఒకే మాస్క్‌ని రెండు లేయర్లకి కాపీ చేయడం కంటే, ఆ రెండింటినీ గ్రూపులో పెట్టి, స్క్రీన్ మాస్క్‌ని గ్రూపుకి లాగేయండి. ఇక ఎప్పుడు దిద్దినా ఒక్కచోటే దిద్దుకోవచ్చు.

ఈ గ్రూపు మోడ్ మాత్రం పాస్ త్రూ (లోపలి లేయర్లు గ్రూపు కిందున్న ఫొటో మీద కూడా పనిచేసే మోడ్) అనే ఉండాలి, డీఫాల్ట్ అదే. దాన్ని నార్మల్‌కి మారిస్తే లోపలున్న కర్వ్స్ గ్రూపు బయటికి చూడలేవు, లోపల వేరే బొమ్మ లేదు కాబట్టి ఏమీ చేయకుండా కూర్చుంటాయి. ఒకసారి ఒక పెళ్లి ఆల్బమ్ పనిలో రాత్రి ఒంటిగంటకి ఇదే జరిగి, ప్రోగ్రామే పాడైందనుకుని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసిన ఘనత నాది. ఆకాశం గ్రూపులో లూమినాసిటీ పెట్టాం కాబట్టే అక్కడ ఫొటో కాపీ లోపల పెట్టాల్సి వచ్చింది, ఇక్కడ పాస్ త్రూ కాబట్టి అక్కర్లేదు. ఈ తేడా ఒక్కటి పట్టుకుంటే గ్రూపులతో ఇక ఇబ్బంది ఉండదు.

ముఖాన్ని ఎంత వెలిగించాలి అన్నది మోడ్ చెప్పదు, మనమే చెప్పాలి. మొదటిసారి నేను స్క్రీన్ రెండుసార్లు వేసి పంపితే పిన్ని ఫోన్ చేసి, "ఇదెవర్రా, నా చీర కట్టుకుంది?" అంది. మన ఆల్బమ్‌లలో మనుషుల్ని తెల్లగా చేసేయడం ఒక జబ్బులా పట్టుకుంది, చామనఛాయ చర్మం మీద స్క్రీన్ ఎక్కువైతే ముందు కనబడేది అందం కాదు, బూడిద రంగు. ముఖంలో బాగా వెలిగిన చోట, అంటే నుదురూ ముక్కు కొనా, పక్కనున్న చేతితో పోల్చి చూడండి. ఒకే మనిషివిగా అనిపించాలి.

మూడో పని: డాడ్జ్, బర్న్

డాడ్జ్ అంటే వెలిగించడం, బర్న్ అంటే ముదురు చేయడం. పెద్ద పెద్ద ముక్కల వెలుతురు సరి అయ్యాక చిన్న చిన్నవి. కొత్త లేయర్ బొమ్మని ఆల్ట్ పట్టుకుని నొక్కితే బాక్స్ వస్తుంది, మోడ్ సాఫ్ట్ లైట్ ఎంచుకుని, కింద 50 శాతం బూడిద నింపమనే గడిలో టిక్ పెట్టండి. పైన చెప్పిన లెక్క ప్రకారం ఆ బూడిద కంటికి కనబడదు. ఇక ఫ్లో 3 నుంచి 5 శాతం బ్రష్‌తో తెలుపు పూస్తే వెలుగు, నలుపు పూస్తే నీడ. కళ్ల కింద గుంటలు, చీర మడతలు, దొప్ప అంచు. ఓవర్‌లే ఎందుకు వద్దంటే అది ఇదే పని ఇంకా మొరటుగా చేస్తుంది, చర్మం మీద రంగు కూడా ముదిరిపోతుంది. రాతి మెట్ల మీద అయితే ఓవర్‌లేనే బాగుంటుంది, కావాలంటే మెట్లకి విడిగా ఒకటి వేసుకోండి.

ఒక జాగ్రత్త. షిఫ్ట్, ఆల్ట్ పట్టుకుని ఎమ్ నొక్కితే మల్టిప్లై, ఎస్ నొక్కితే స్క్రీన్, ఓ అయితే ఓవర్‌లే, ఎఫ్ అయితే సాఫ్ట్ లైట్, వై అయితే లూమినాసిటీ వస్తాయి, బాగా పనికొచ్చే షార్ట్‌కట్‌లే. కానీ చేతిలో బ్రష్ ఉండగా నొక్కితే లేయర్ మోడ్ కాదు, బ్రష్ మోడ్ మారిపోతుంది. ఆ తర్వాత బ్రష్ విచిత్రంగా పూస్తుంటే ఎందుకో అర్థం కాక జుట్టు పీక్కుంటాం. ముందు వీ నొక్కి మూవ్ టూల్‌లోకి వెళ్లి అప్పుడు నొక్కండి.

నాలుగో పని: రంగు

ఇప్పటిదాకా వెలుతురు, ఇక రంగు. ఈ వరుస నేను మార్చను. వెలుతురు దిద్దితే రంగు ఎలాగూ కదులుతుంది, ముందే రంగు దిద్దుకుంటే రెండుసార్లు పని.

చెంప మీద పచ్చ ఛాయ పోవాలి. కొత్త ఖాళీ లేయర్, కలర్ మోడ్. ఐడ్రాపర్‌తో పచ్చదనం లేని చెంప నుంచి రంగు తీసుకుని, పచ్చగా ఉన్నచోట ఫ్లో 5 శాతంతో పూయండి. కలర్ మోడ్ కింది వెలుతురుని ముట్టుకోకుండా రంగునే మారుస్తుంది కాబట్టి చర్మం గీతలు, రంధ్రాలు అలాగే ఉంటాయి. దీని చెడ్డ పని ఏంటంటే నిజమైన చర్మంలో ఒకేచోట పది రకాల ఎరుపులుంటాయి, ఇది అన్నింటినీ ఒకే రంగు చేసి బొమ్మలా మారుస్తుంది. ఒపాసిటీ 50 దాటించకండి, లేదా కలర్ బదులు హ్యూ మోడ్ పెట్టి చూడండి, అది రంగు చిక్కదనాన్ని వదిలేసి ఛాయని మాత్రమే మారుస్తుంది.

మొత్తం ఫొటోకి సాయంత్రపు కళ రావడానికి నాకు ఇష్టమైన జోడీ ఎక్స్‌క్లూజన్, సాఫ్ట్ లైట్. సాలిడ్ కలర్ లేయర్ వేసి ఎరుపు 10, ఆకుపచ్చ 15, నీలం 50 ఇవ్వండి, ముదురు నీలం అన్నమాట. మోడ్ ఎక్స్‌క్లూజన్. నల్లటి నీడలు 10, 15, 50 అయి నీలంగా తేలతాయి, తెల్లటి చోట్లు 245, 240, 205 అయి పసుపు తిరుగుతాయి. ఒకే రంగు రెండు వైపులా రెండు పనులు చేస్తుంది. కానీ నలుపు నలుపుగా లేక, తెలుపు తెలుపుగా లేక ఫొటో వెలిసిపోయినట్టు ఉంటుంది, అదే దీని చెడ్డ పని. అందుకే ఒపాసిటీ 40కి దించి, దాని మీద ఒక ఖాళీ కర్వ్స్ సాఫ్ట్ లైట్‌లో 15 నుంచి 20 శాతం. నలుపు మళ్లీ కూర్చుంటుంది, నీలం మాత్రం పోదు.

ఐదో పని: దీపం వెలుగు

ఈ ఫొటోలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. దీపం వెలుగు రెండు రకాలు: ఒత్తి చుట్టూ గాలిలో కనిపించే కాంతి, అరచేతుల మీదా గడ్డం కిందా పడే కాంతి. చాలామంది రెండింటికీ ఒకే స్క్రీన్ లేయర్ పూసేస్తారు, అప్పుడు దీపం చుట్టూ నారింజ పొడి చల్లినట్టు ఉంటుంది తప్ప వెలిగినట్టు ఉండదు.

చేతుల కోసం కొత్త లేయర్ తీసుకుని నల్ల రంగు నింపి కలర్ డాడ్జ్ పెట్టండి. నలుపు ఈ మోడ్‌లో ఏమీ చేయదు కాబట్టి ఫొటో మారదు. ముదురు నారింజ, ఎరుపు 120, ఆకుపచ్చ 60, నీలం 15 ప్రాంతంలో తీసుకుని, మెత్తటి బ్రష్‌తో అరచేతుల మీద, గడ్డం కింద ఒక్కసారి తాకించండి. కలర్ డాడ్జ్ కింద ఉన్న వెలుతురుని పెంచుతుంది, కింద నలుపుంటే నలుపుగానే వదిలేస్తుంది. వేళ్ల మధ్య చీకటి సందులు చీకటిగానే ఉండి, వేళ్ల అంచులు మాత్రం మండుతాయి. నిజం దీపం చేసేదీ అదే. ఖాళీ లేయర్ మీద కాకుండా నలుపు నింపిన లేయర్ మీద గీస్తే అంచులు మెత్తగా కలుస్తాయి.

తగ్గించాలంటే ఒపాసిటీ కాదు, దాని కిందున్న ఫిల్ తగ్గించండి. మామూలు మోడ్‌లలో రెండూ ఒకటే, కానీ కలర్ బర్న్, లీనియర్ బర్న్, కలర్ డాడ్జ్, లీనియర్ డాడ్జ్, వివిడ్ లైట్, లీనియర్ లైట్, హార్డ్ మిక్స్, డిఫరెన్స్, ఈ ఎనిమిదింటిలో ఫిల్ వేరేగా పనిచేస్తుంది. ఒపాసిటీ తగ్గిస్తే కాలిపోయిన చోట్లు కాలినట్టే ఉండి పల్చబడతాయి, ఫిల్ తగ్గిస్తే కాలడమే తగ్గుతుంది. ఒకసారి పక్కపక్కన చేసి చూస్తే మళ్లీ ఎవరూ చెప్పక్కర్లేదు.

ఒత్తి చుట్టూ కాంతికి మాత్రం స్క్రీన్. అదే నారింజ, పెద్ద మెత్తటి బ్రష్, ఒకే ఒక్క క్లిక్, ఒపాసిటీ 30. గాలిలో కాంతి చీకటి మీద కూడా కనబడాలి, అందుకే ఇక్కడ స్క్రీన్.

చివర షార్ప్‌నెస్, తనిఖీ

కంట్రోల్, షిఫ్ట్, ఆల్ట్, ఈ నొక్కితే కనిపించేదంతా ఒకే లేయర్‌గా పైన వస్తుంది. ఫిల్టర్, అదర్, హై పాస్, రేడియస్ 2 పిక్సెళ్ల దగ్గర. బూడిద బొమ్మ వస్తుంది, కంట్రోల్, షిఫ్ట్, యూ నొక్కి అందులో మిగిలిన రంగు తీసేయండి, లేకపోతే చీర జరీ అంచున రంగు గీతలొస్తాయి. మోడ్ ఓవర్‌లే. మళ్లీ అదే లెక్క, బూడిద మాయమై అంచులు మాత్రం మిగులుతాయి. ముఖం మీద మాస్క్‌తో సగం తుడిచేయండి.

తనిఖీకి అన్నింటికంటే పైన నడిమి బూడిద నింపిన లేయర్ ఒకటి, కలర్ మోడ్‌లో పెట్టుకోండి. దాన్ని వెలిగిస్తే ఫొటో నలుపు తెలుపులో కనబడుతుంది. రంగు మాయలో పడి ముఖం కంటే వెనకున్న ఆకాశమే ఎక్కువ వెలుగుతోందా అన్నది అప్పుడు వెంటనే తెలిసిపోతుంది. తెలిశాక ఆకాశం గ్రూపు ఒపాసిటీకి వెళ్లి సర్దండి, సర్దాక ఆ బూడిద లేయర్‌ని ఆపేయడం మర్చిపోకండి. ఆకాశాన్ని సర్దితే ఈ షార్ప్‌నెస్ లేయర్ పాతబడుతుంది, తీసేసి మళ్లీ చేసుకోండి.

ఫొటోషాప్ లేనివాళ్లకి: బ్రౌజర్‌లో తెరుచుకునే ఫొటోపీ ఉచితం, పైన చెప్పినవాటిలో దాదాపు అన్నీ అవే పేర్లతో ఉంటాయి. జింప్ అనే ఇంకో ఉచిత ప్రోగ్రామ్‌లో కర్వ్స్ అడ్జస్ట్‌మెంట్ లేయర్‌గా ఉండదు కాబట్టి ఫొటో కాపీలతోనే పని చేసుకోవాలి. అందులో మల్టిప్లై వేరేగా కనిపిస్తే లేయర్ మెనూలో బ్లెండ్ స్పేస్‌ని పర్సెప్చువల్‌కి మార్చి చూడండి.

ప్రింటుకి ఇచ్చేటప్పుడు లేయర్లున్న ఫైల్‌ని విడిగా దాచుకుని, ఒక కాపీని ఫ్లాటెన్ చేసి (లేయర్లన్నీ ఒకటిగా కలిపేసి), ఆ తర్వాతే కలర్ ప్రొఫైల్ మార్చండి, 8 బిట్‌కి దించండి. బ్లెండింగ్ మోడ్‌లన్నీ అంకెల మీద నడిచేవి, లేయర్లు విడిగా ఉండగానే సీఎంవైకేకి (ప్రింటు ఇంకులకి వాడే రంగుల పద్ధతి) మారిస్తే అంకెలు మారి ప్రతి మోడూ కొత్త ఫలితం ఇస్తుంది. ఒక ల్యాబ్‌కి నేను లేయర్లున్న పీఎస్‌డీ ఫైలే పంపితే, వాళ్లు లేయర్లు మెర్జ్ చేయకుండానే సీఎంవైకేకి మార్చేశారు. పిన్ని అరచేతుల్లో దీపం వెలుగు కాస్తా పసుపు ముద్దలా అచ్చయి వచ్చింది. రెండోసారి ఫ్లాటెన్ చేసి ఇచ్చాను, ఆ ప్రింటే ఇప్పుడు వాళ్లింటి గోడ మీద ఉంది.